మధ్యగది గోడ

అద్దం మేస్త్రికి ఆ పేరు ఎవరు పెట్టారో ఆయనకే గుర్తు లేదు. పెట్టినవాళ్లు మాత్రం ఊరికే పెట్టలేదు. ఆయన పూత వేసిన గోడ ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని ఒకప్పుడు ఎవరో అన్నారట. పచ్చి కోత. గోడలో మొహం ఎక్కడ కనిపిస్తుంది? కానీ కోతైనా చెవికి ఇంపుగా ఉందని జనం దాన్నే పట్టుకున్నారు, అసలు పేరు ఏవో కాగితాల్లో మిగిలిపోయింది. నలభై ఏళ్లుగా ఆయన చేతిలో తాపీ, చెవి మీద పెన్సిలు, నోట్లో ఒకటే మాట. గోడ మీద మనిషి చెయ్యి కనిపించిందంటే అది మేస్త్రి పని కాదు, పిల్లకాయల ఆట అని.

మనిషి మంచివాడే. పని దగ్గరికొచ్చేసరికి మాత్రం ముక్కు మీదే కోపం. చుట్టపుచూపుగా ఎవరింటికి వెళ్లినా ముందు గోడల్ని పలకరిస్తాడు, తర్వాతే మనుషుల్ని. ఒకసారి బావమరిది ముచ్చటపడి కొత్త ఇంటికి పిలిస్తే, అన్నం తింటున్నవాడు మధ్యలో లేచి వెళ్లి, మూల గోడని వేలితో కొట్టి చూసి, ఇక్కడ లోపల డొల్ల అని చెప్పి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆ బావమరిది ఆర్నెల్లు మాట్లాడలేదు. ఏడో నెలలో ఆ మూల పెచ్చు ఊడిపడింది. అప్పుడు ఇంకో ఆర్నెల్లు మాట్లాడలేదు.

మేస్త్రి భార్య ముప్ఫై రెండేళ్లుగా ఆయనతో పాటే పనికి వస్తుంది. ఇసక జల్లించడం, సున్నం నానబెట్టడం, పూతకి మాలు కలపడం, తట్ట అందించడం అన్నీ ఆవిడే. తాపీ మాత్రం ఆవిడ పని కాదు. వాళ్ల పనిలో అది అంతే, కలిపేది ఆడమనిషి, పూసేది మగమనిషి. ఎవరు పెట్టిన రూలో తెలీదు, ఎవరూ అడగనూ లేదు. సాయంత్రం ఆ తాపీని కడిగి, తుడిచి, నూనె రాసి సంచిలో పెట్టేది మళ్లీ ఆవిడే. కడగడానికి పట్టుకోవచ్చట, పూయడానికి పట్టుకోకూడదట. విడ్డూరం కాకపోతే ఏమిటిది? అయినా ఆవిడ ఎన్నడూ నోరెత్తలేదు. ఆవిడకి నోరు లేదనుకునేరు, బ్రహ్మాండంగా ఉంది. ఈ ఒక్క విషయంలో ఎందుకో వాడలేదు.

ఇలా ఉండగా ఒక ఆర్కిటెక్టు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. పొడుగాటి మనిషి, కళ్లజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది, దాన్ని ఎప్పుడూ వెతుక్కుంటూనే ఉంటాడు. ఒక పాత వీధిలో పదిహేడు ఇళ్ల వరస ఉందని, అందులో తొమ్మిదో ఇంటిని కొత్తగా మార్చాలని చెప్పాడు. ఆ ఇళ్లు రైలు పెట్టెల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పక్క గోడలు ఇటువాళ్లకీ అటువాళ్లకీ ఉమ్మడి. ముందు రెండు కిటికీలు, వెనక రెండు కిటికీలు, అంతే. వెలుతురు ముందు నుంచి పది అడుగులు వచ్చి ఆయాసపడి ఆగిపోతుంది, వెనక నుంచీ అంతే. మధ్యగది సంగతి దేవుడెరుగు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ లైటు వేస్తే గానీ చెప్పులు ఎవరివో తెలీదు. మెట్లు కూడా ఆ చీకట్లోంచే పైకి వెళతాయి.

ఆ ఇంటావిడ కాలేజీలో బోటనీ చెబుతుంది. వీధిలో అందరూ మొక్కల మేడమ్ అంటారు. ఆవిడకి ఇల్లు తోటలా ఉండాలి. అలాగని నాలుగు కుండీలు తెచ్చి వరసగా పెట్టించే రకం కాదు. గోడలకి సిమెంటు తీసేసి మట్టి పూత, రంగుల బదులు మట్టి రంగే, పలకల బదులు చెక్క, వెనక పెరట్లోకి తెరుచుకునే వంటిల్లు, అన్నిటికీ మించి మధ్యగదిలో నేల తవ్వి ఒక పచ్చటి మడి. చీకట్లో మొక్కలెలా బతుకుతాయని అడిగితే, అందుకే ఇంటి పైకప్పు కోసి అద్దం పెడుతున్నామని ఆర్కిటెక్టు చెప్పాడు. మెట్ల మీదుగా రెండంతస్తుల ఎత్తున ఒక గోడ. దానికి సున్నంతో, పాలరాతి పొడితో నున్నటి తెల్ల పూత. పైనుంచి పడ్డ వెలుతురు ఆ గోడ పట్టుకుని కిందికి దిగి మధ్యగదిలో పరుచుకోవాలి. ఆ ఒక్క గోడ కోసమే తాను ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చానని, మిగతా ఇల్లంతా ఒక ఎత్తు, ఆ గోడ ఒక ఎత్తు అని అన్నాడు.

మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వెంటనే గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే ఏడాదిన్నరగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. మొదట టీ గ్లాసులో బయటపడింది. పట్టుకుంటే పైన సన్నటి అలలు. ఆయన గ్లాసుని తిట్టాడు. తర్వాత తాపీ పాతబడిందని తిట్టి కొత్తది కొన్నాడు. కొత్త తాపీ కూడా వణికింది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళితే, ప్రాణానికేం భయం లేదని, కానీ ఇది తగ్గే రకం కాదని, పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటే కొన్ని గంటలు అదుపులో ఉంటుందని, మెల్లమెల్లగా ఆ మాత్ర కూడా ఆనకపోవచ్చని చెప్పాడు. అప్పటినుంచి అద్దం మేస్త్రి టీ సగం గ్లాసే తాగుతున్నాడు. అదేమంటే కడుపులో మంట అంటాడు. ఎవరైనా కనిపిస్తే చెయ్యి జేబులోకి పోతుంది. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా భార్యకి. పేరు పోయిన మేస్త్రిగా బతకడం కంటే పని మానేసి ఇంట్లో కూర్చోవడం నయమనుకున్నాడు. మరి కూర్చోవచ్చుగా? కూర్చోలేడు. అదే ఆయన బాధ.

పని మొదలైంది. ముందు మట్టి గోడలు. నమూనాగా ఒక మూల పూసి చూపించమన్నారు. పొద్దున్నే మాత్ర వేసుకుని, మట్టిని కూడా అద్దంలా తేల్చి చూపించాడు. మొక్కల మేడమ్ చూసి, చాలా బాగుంది గానీ మరీ నున్నగా ఉంది మేస్త్రి గారూ, ఇందులో మనిషి చెయ్యి కనిపించాలి అంది. ఆయన మొహం మాడిపోయింది. నలభై ఏళ్లు చెయ్యి దాచడం నేర్చుకున్నవాణ్ణి పట్టుకుని చెయ్యి చూపించమంటారా? రెండోసారి కావాలని వంకరగా పూయబోయాడు. రాలేదు. వంకరగా పూయడం ఎంత కష్టమో ఆయనకి ఆ రోజే తెలిసింది. మూడోసారి కూడా బల్లపరుపుగానే వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, మాత్ర పట్టు సడలిన వేళ, ఇంకో నమూనా మొదలుపెట్టాడు. తాపీ చివర దాకా వెళ్లేసరికి చెయ్యి వణికింది. గోడ నిండా చిన్నచిన్న అలలు. ఛీ అనుకుని గీకేయబోతుంటే వెనక నుంచి ఆర్కిటెక్టు ఆగండాగండి అంటూ పరిగెత్తుకొచ్చాడు. నెత్తి మీద కళ్లజోడు కిందపడింది, దాన్ని కూడా పట్టించుకోలేదు. గోడకి ముక్కు ఆనించి చూశాడు, ఫోటోలు తీశాడు, మొక్కల మేడమ్‌ని పిలిచాడు. ఆవిడ అరచేత్తో తడిమి, చెరువు మీద గాలి వీచినట్టు ఉందని మురిసిపోయింది. ఇది ఏం పద్ధతి, దీన్ని ఏమంటారు అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

గాలి పూత అంటారండీ అన్నాడు మేస్త్రి. నోటికి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. పాతకాలం పద్ధతండీ, ఇప్పుడెవరూ చెయ్యడం లేదు అని కూడా తగిలించాడు. అబద్ధం చెప్పడం మొదలుపెట్టాక పొదుపు దేనికి?

ఆర్కిటెక్టు దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. ఇంట్లో మట్టి గోడలన్నిటికీ గాలి పూతే కావాలన్నాడు. అక్కడ మొదలైంది అసలు తంటా. గాలి పూత పొద్దున్న రాదు. పొద్దున్న చెయ్యి బుద్ధిమంతురాలు. దాంతో మేస్త్రి తెల్లారి వచ్చి, పన్నెండింటిదాకా గోడల్ని చూస్తూ కూర్చుని, తిన్నాక పని మొదలుపెట్టేవాడు. ఎందుకలా అంటే మట్టి బాగా నానాలండీ, ఎండ ఎక్కాలండీ అని రోజుకో కారణం చెప్పేవాడు. వాళ్లు ఇంకా గౌరవంగా చూసేవాళ్లు. తలుపులు బిగించడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రికి పాతికేళ్లుగా స్నేహితుడు, నోటికి తాళం లేని మనిషి. ఈ పాతకాలం పద్ధతి ఏ కాలందిరా, నేను పుట్టినప్పటినుంచి చూళ్లేదే అని మొహం మీదే అడిగాడు. మేస్త్రి వినపడనట్టు నటించాడు. భార్య మాలు కలుపుతూ తల ఎత్తి ఒక్కసారి చూసి, మళ్లీ వంచేసింది.

వాళ్ల పొగడ్తలు వింటుంటే ఆయనకి సంతోషం వెయ్యకపోగా ఒళ్లు మండేది. తన మంచి పనిని వద్దన్నారు, తన జబ్బుని చూసి చప్పట్లు కొడుతున్నారు. ఇది ఎవరికి చెప్పుకోవాలి? అయినా గదులన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ముందుగది గోధుమ రంగులో, పడకగది ఎర్రమట్టి రంగులో, వంటింటి తలుపు తెరిస్తే పెరడు లోపలికి వచ్చేసినట్టు ఉంది. మధ్యగదిలో మడి తవ్వారు. పైకప్పు కోసి అద్దం బిగించారు. ఇక మిగిలింది ఆ ఎత్తు గోడ.

ఆ గోడ దగ్గర గాలి పూతలు, కోతలు చెల్లవు. నెత్తిమీంచి గోడని రాసుకుంటూ దిగే వెలుతురు చాలా చెడ్డది. ఎదురుగా పడే వెలుతురు తప్పుల్ని మన్నిస్తుంది, పైనుంచి పడేది వెంట్రుకంత మిట్టకి కూడా బెత్తెడు నీడ వేసి చూపిస్తుంది. పైగా సున్నపు పూత ఒకసారి పైనుంచి మొదలుపెడితే కింద దాకా తడి ఆరకుండా ఒకే దమ్మున లాక్కురావాలి. మధ్యలో ఆగితే ఆగినచోట అతుకు పడుతుంది. పది గంటల పని. మాత్ర బలం నాలుగు గంటలు. పొద్దున తాను కిందామీదా పడి సగం లాగేసి, మిగతాది ఎవరైనా తెలిసిన మేస్త్రిని పిలిచి చేయించుకుంటే సరిపోతుందని మనసులో ఒక లెక్క వేసుకున్నాడు.

ముందు రోజు ఎవరూ లేకుండా చూసి, పొద్దున్నే, మాత్ర వేసుకున్న గంటకి, గోడ మీద ఒక గజం మేర పూసి చూశాడు. పైనుంచి వెలుతురు పడింది. అలలు. ఒకటి కాదు రెండు కాదు, గజం నిండా. మాత్ర కూడా మొహం చాటేసింది. ఆయన పరంజా మీద అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత లేచి, గబగబా అంతా గీకేశాడు. కిందికి చూస్తే మెట్ల దగ్గర భార్య తట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

ఆయన సున్నం సరిగ్గా కలవలేదని అన్నాడు. ఆవిడ తట్ట కింద పెట్టింది.

"ఏడాది నుంచి నీకోసం మాలు పల్చగా కలుపుతున్నానయ్యా. గట్టిగా ఉంటే నీ చెయ్యి ఆగడం లేదని. నాకు తెలీదనుకున్నావా?"

ఇలాంటప్పుడు మొగుడు కరిగిపోయి భార్య చేతులు పట్టుకుంటాడని మీరనుకుంటే, అద్దం మేస్త్రి మీకు ఇంకా తెలీదన్నమాట. ఆయనకి పిచ్చి కోపం వచ్చింది. ఏడాదిగా తన పని తనది కాదన్నమాట, తాను పూసిన ప్రతి గోడ వెనకా ఈవిడ జాలి ఉందన్నమాట. నిన్నెవరు కలపమన్నారని అరిచాడు. ఆవిడ ఏమాత్రం తగ్గకుండా, రేపు ఇంకో మేస్త్రిని తెద్దామని చూస్తున్నావేమో, అక్కర్లేదు, తాపీ ఇటివ్వు, నేను పూస్తాను అంది. ఆయన నవ్వాడు. మంచి నవ్వు కాదది. గోడ పూయడమంటే పెనం మీద అట్టు తిప్పడం అనుకున్నావా అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న మరుక్షణమే ఆయనకీ తెలిసింది, కానీ నోట్లోంచి వెళ్లిన మాటని గీకేయడానికి తాపీ లేదుగా.

ఆవిడ వెళ్లబోతూ వెనక్కి తిరిగింది. మన వంటింటి గోడలో కిటికీ దగ్గరనుంచి కింద దాకా పూసింది ఎవరనుకుంటున్నావని అడిగింది. మూడేళ్ల కిందట సొంత వంటింటికి ఆయనే మోజుపడి సున్నపు పూత మొదలుపెట్టాడు. కిటికీ దాకా వచ్చేసరికి ఎవరింట్లోనో కప్పు పెచ్చులూడి మీద పడుతోందని కబురొస్తే, మిగతా గోడకి తడి గోనెలు కప్పమని చెప్పి పరిగెత్తాడు. సాయంత్రం వచ్చి చూస్తే గోడ మొత్తం అయిపోయి ఉంది. అప్పుడాయన ఏమనుకున్నాడో తెలుసా? ఓహో, వెళ్లేముందు ఇంత పని చేసేశానా అని తన భుజం తానే తట్టుకున్నాడు. మూడేళ్లుగా ఇంటికి వచ్చిన ప్రతివాణ్ణీ వంటింట్లోకి లాక్కెళ్లి, చూడు, ఇదీ నా చెయ్యి అని చూపిస్తున్నాడు. ఆవిడ పక్కనే నిలబడి టీ పోస్తూ ఉండేది.

రెండు రోజులు మాటల్లేవు, గోడ పనీ ఆగిపోయింది. నీళ్లు కావాలన్నా, సంచి కావాలన్నా వడ్రంగి ద్వారానే. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి వడ్రంగికి విసుగొచ్చి, నేను తలుపులు బిగించడానికి వచ్చానా, మీ ఇద్దరి మధ్య పోస్ట్‌మేన్ ఉద్యోగానికి వచ్చానా అని గొణిగాడు.

రెండో రోజు సాయంత్రం భార్య కూరలకి వెళ్లినప్పుడు, మేస్త్రి తమ వంటింట్లోకి వెళ్లి, తలుపు మూసి, టార్చిలైటుని గోడకి ఆనించి పక్కవాటుగా వేశాడు. ఎంత తేల్చిన గోడనైనా అలా చూస్తే గుట్టు బయటపడుతుంది. తన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఆవిడ చెయ్యి ఎక్కడ మొదలైందో ఆ అతుకు వెతకడం మొదలుపెట్టాడు. కిటికీ పక్కన వెతికాడు. కింద వెతికాడు. మోకాళ్ల మీద కూర్చుని, చెంప గోడకి ఆనించి, ఒక కన్ను మూసి వెతికాడు. పక్కవాళ్ల ఇళ్లలో, బావమరిది ఇంట్లో, ఎక్కడైనా సరే అతుకుని అరనిమిషంలో పట్టే మనిషికి, సొంత వంటింట్లో ముప్పావుగంట వెతికినా అతుకు దొరకలేదు. ఆయనకి ఏడుపొచ్చింది. అవమానంతోనా, గర్వంతోనా అంటే చెప్పలేం, రెండూ కలిసే వచ్చాయి. తలుపు చప్పుడైతే గబుక్కున లేచి, టార్చి బ్యాటరీ ఉందో లేదో చూస్తున్నానన్నాడు. అడక్కుండానే.

మర్నాడు పొద్దున ఆవిడ సున్నం అంతా కలిపి సిద్ధంగా పెట్టింది. మేస్త్రి సంచిలోంచి తాపీ తీసి, ఆవిడ వైపు చూడకుండా చాచాడు.

"మణికట్టు వంచకు. భుజంతో లాగు," అన్నాడు.

ఆవిడ తీసుకుంది.

వడ్రంగి చేత మెట్ల దగ్గర పెద్ద దుప్పటి కట్టించారు. గాలి తగిలితే సున్నం చెడిపోతుంది, రెండు రోజులు ఎవరూ ఇటు రావద్దని మేస్త్రి అందరికీ చెప్పాడు. ఆయన అబద్ధాల చిట్టాలో ఇంకోటి. వడ్రంగికి విషయం తెలియక తప్పలేదు. ఆశ్చర్యమేమిటంటే ఈసారి ఆ మహానుభావుడు నోటికి నిజంగానే తాళం వేసుకున్నాడు. ఇందులో తప్పేముందిరా, పని ఆవిడది, పేరు నీది, ఇల్లు ఒకటేగా, ఇలాగే కానిచ్చేయ్ అని సలహా కూడా ఇచ్చాడు. భార్య కూడా పేరు నీదే ఉండనీ, నాకెందుకు, పని ఆగకపోతే చాలు అంది. మేస్త్రి సరేనన్నాడు. ఎంత తొందరగా సరేనన్నాడో తల్చుకుంటే తర్వాత ఆయనకే సిగ్గేసింది.

ఆ దుప్పటి వెనక జరిగిన పోట్లాటలు అన్నీ ఇన్నీ కావు. ఆవిడ పరంజా పైన, ఆయన కింద. ఎక్కువ నొక్కకు అంటాడు ఆయన. నొక్కకపోతే పట్టుకోదు అంటుంది ఆవిడ. పైనుంచి కిందికి లాగమంటే అడ్డంగా లాగుతుంది. అదేమంటే, నువ్వు వందసార్లు అడ్డంగా లాగడం చూశాను, నోటితో చెప్పేదొకటి చేత్తో చేసేదొకటి అంది. ఆయన కాసేపు ఆలోచించాడు. నిజమే. నలభై ఏళ్లుగా ఆఖరి పూత అడ్డంగానే లాగుతున్నాడు, తనకే తెలీదు. ఆ తర్వాత చెప్పడం తగ్గించి చూడటం మొదలుపెట్టాడు. తట్ట అందించడం అనుకున్నంత తేలిక కాదని కూడా ఆ రోజే తెలిసింది. రెండుసార్లు నెత్తిన సున్నం పోసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా ఆవిడ దిగలేదు. పొద్దు వాలేసరికి కింది చివర దాకా వచ్చింది. రెండో రోజంతా నున్నటి రాయితో, సబ్బు నీళ్లతో మెరుగు పెట్టింది. భుజాలు పట్టేసి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. ఆయనే వెయ్యబోయాడు. వంకరగా వచ్చింది. గాలి జడ అని ఆవిడ నవ్వింది. నాలుగైదు రోజుల తర్వాత ఆ నవ్వు వినడం ఆయన ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

మూడో రోజు పన్నెండింటికి దుప్పటి దింపారు. ఎండ సరిగ్గా నెత్తి మీద ఉంది. వెలుతురు అద్దంలోంచి దూకి గోడ పట్టుకుని జారి, ఎక్కడా తట్టుకోకుండా, తెల్లగా, చల్లగా మధ్యగదిలోకి దిగింది. ఒక్క నీడ లేదు. గదిలో మూలన ఎప్పుడో పడిపోయిన తాళంచెవి కూడా కనిపించింది. మొక్కల మేడమ్ గోడ దగ్గరికి నడిచి, పొద్దున్నే లేచి వేసి మళ్లీ పడుకునేముందు తీసే ఆ గది లైటు స్విచ్చి ఆపేసింది. ఏమీ మారలేదు. గది అంతే వెలుతురుగా ఉంది. ఆవిడ మెట్టు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వి, రేపే మొక్కలు తెస్తానంది.

ఆర్కిటెక్టు గోడ మీద అరచెయ్యి వేసి పై నుంచి కింద దాకా నిమిరాడు. మీ పేరు ఊరికే రాలేదు మేస్త్రి గారూ అన్నాడు. ఇదే వరసలో పన్నెండో ఇంటివాళ్లు కూడా మధ్యగది మార్చుకుంటామంటున్నారని, గాలి పూత, ఈ గోడ అన్నిటికీ ఇదే చెయ్యి కావాలంటున్నారని, ఎప్పుడు మొదలుపెడదామని అడిగాడు. వడ్రంగి ఉలి తుడుచుకుంటూ స్నేహితుడి వైపు కన్ను గీటాడు. భార్య పెరట్లో కొళాయి కింద తట్టలు కడుగుతోంది, ఇటు వీపు పెట్టి.

మేస్త్రికి నోటిదాకా వచ్చింది, వచ్చే నెల అని. అంతే చెబితే చాలు. నలభై ఏళ్ల పేరు నిలబడుతుంది. ఇంకో పదేళ్లు కూడా నిలబడుతుంది. దుప్పటి కట్టుకుంటూ, అబద్ధాలు చెప్పుకుంటూ. ఆయన ఆ గోడని ఇంకోసారి పై నుంచి కింద దాకా చూశాడు. తన జీవితంలో ఇంత మంచి గోడ తాను వెయ్యలేదు. ఆ సంగతి అక్కడున్నవాళ్లలో ఆయనొక్కడికే తెలుసు. దాన్ని నాది అని నోటితో అంటే, ఇక ఏ గోడనీ కన్నెత్తి చూసే మొహం తనకి ఉండదనిపించింది.

జేబులోంచి కుడిచెయ్యి తీసి అందరూ చూసేలా ముందుకి చాచాడు. అది దాని మానాన అది వణికింది.

"గాలి పూత ఇదేనండీ. పద్ధతీ లేదు, పాతకాలమూ లేదు. నాకు వణుకు. ఈ గోడ నేను వెయ్యలేదు, మా ఆవిడ వేసింది. పన్నెండో ఇంటికి ఎప్పుడొస్తారో ఆవిణ్ణి అడగండి. మేస్త్రి ఆవిడ. మాలు కలపడానికి నేనొస్తాను."

వడ్రంగి ఉలి తుడవడం ఆపేశాడు. ఆర్కిటెక్టు ఆ చేతిని చూశాడు, గోడని చూశాడు, నెత్తి మీంచి కళ్లజోడు తీసి పెట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లాడు. కొళాయి కట్టేసి ఉంది. తడి చేతులతో ఆవిడ అక్కడే నిలబడి ఉంది. మేస్త్రి గారూ, ఎప్పుడు మొదలుపెడదాం అని ఆయన ఆవిణ్ణి అడిగాడు.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. కళ్లు కూడా దాంతోనే తుడుచుకుంది. గదిలో చెయ్యి చాచుకుని ఇంకా అలాగే నిలబడ్డ మొగుడి వైపు చూసింది.

"ఓ పది రోజులు టైమివ్వండి. ఆయనకి మాలు కలపడం రాదు, ముందు నేర్పాలి," అంది.